పాట ముందరి మాట

కామేశ్వరి షరతులు నాలుగు. వాటిని ఆమె గీతల కాగితం మీద అంకెలు వేసి, నల్లసిరాతో రాసింది. ఒకటి: ఈ పాటలను ఎవరు వాడుకోదలిచినా ముందుగా తన అనుమతిని రాతపూర్వకంగా పొందాలి. రెండు: వీటితో ఎవరూ వ్యాపారం చేయరాదు. మూడు: ఒక్క అక్షరమైనా మార్చరాదు. నాలుగు: పాడిన మనిషి పేరు చెప్పకుండా వాడుకున్నవారు దొంగలుగా పరిగణింపబడతారు.

సాయినాథ్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నాలుగో షరతు దగ్గర నవ్వు ఆపుకున్నాడు. అతనికి నలభై అయిదేళ్లు. మార్కాపురం బజారులో ఫొటో స్టూడియో నడుపుతాడు. పాత పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడం అతని వృత్తి. పాత పుస్తకాలను, పాటలను ఇంటర్నెట్టులో అందరికీ అందేటట్టు పెట్టే ఒక బృందంలో పనిచేయడం అతని వ్యసనం. కామేశ్వరి తన బీరువాలోంచి తీసి ఇచ్చిన పదకొండు క్యాసెట్లకూ బూజు పట్టింది. అతను టేపును మూర మూర చొప్పున విప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, రెండు నెలలు కూర్చుని నలభై మూడు పాటలను బతికించాడు. అందుకు ఆమె అతనికి కృతజ్ఞురాలు. కాని డెబ్బై ఒక్కేళ్ల జీవితంలో ఆమెకు బాగా అలవడిన విద్య తప్పులు పట్టడం. కృతజ్ఞత చెప్పడం ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు.

ఇక మిగిలిన పని ఒక్కటే. ఆ బృందం వెబ్‌సైటులో పాట పెట్టేటప్పుడు లైసెన్సు అనే గడి ఒకటి నింపాలి. ఈ పాటతో ఎవరు ఏమి చేసుకోవచ్చునో, ఏమి చేయకూడదో అందులో చెప్పాలి. క్రియేటివ్ కామన్స్ అనే పేరుతో అలాంటి షరతుపత్రాలు ముందే రాసిపెట్టి ఉన్నాయనీ, వాటిలో ఒకటి ఎంచుకుంటే సరిపోతుందనీ సాయినాథ్ చెప్పాడు. కామేశ్వరి ఎంచుకోలేదు. సొంతంగా రాసుకుంది.

"పెద్దమ్మా, ఇది లైసెన్సు గాదు, తాళంకప్ప," అన్నాడతను. "ఇంత బందోబస్తు పెడితే బీరువాలో ఉన్నా ఒకటే, నెట్టులో ఉన్నా ఒకటే."

"తాళం లేకపోబట్టే ఒకసారి పోయినాయి," అన్నది కామేశ్వరి.

ఆ పోవడం గురించి మార్కాపురంలో ఆమెను ఎరిగిన వారందరికీ తెలుసు. ముప్పై తొమ్మిదేళ్ల కిందట ఆమె కనిగిరి వైపు ఒక శాఖా గ్రంథాలయంలో పనిచేసేది. నెలకు రెండుసార్లు ఒక రేకుపెట్టె నిండా పుస్తకాలు వేసుకుని పల్లెలకు వెళ్లేది. వెలిగండ్ల అవతల ఒక ఊళ్లో పుస్తకాలు ఎవరూ తీసుకోలేదు గాని, గొర్రెల మంద వెనక పాడుకుంటూ పోతున్న శ్రీశైలమ్మ అనే ఆమె గొంతు పెట్టె పక్కన నిలుచున్న కామేశ్వరి చెవిన పడింది. తరువాతి వారం తన టేప్ రికార్డరు తీసుకుని మళ్లీ వెళ్లింది. ఏడాది పాటు వెళ్తూనే ఉంది. మందను నీళ్లకు దించేటప్పుడు పాడే పాట, బొచ్చు కత్తిరించేటప్పుడు పాడే పాట, పిల్లను వదిలి ముందుకు పోయే గొర్రెను వెనక్కి పిలిచే పాట, అన్నీ పట్టింది.

ఆ క్యాసెట్లను శ్రీహరి అనే తెలుగు అధ్యాపకుడు ఒక వారానికని అడిగి తీసుకుని ఏడు నెలలు ఉంచుకున్నాడు. తిరిగి ఇచ్చిన మర్నాటికి పుస్తకం వచ్చింది. అట్టమీద 'సేకరణ, పరిష్కరణ, వ్యాఖ్యానం: శ్రీహరి' అని ఉన్నది. రెండో పేజీలో 'సర్వహక్కులు గ్రంథకర్తవి' అని ఉన్నది. పాడిన మనిషి 'ఒక గొర్రెలకాపరి స్త్రీ' అయింది. కామేశ్వరి, పీఠికలో, 'టేప్ రికార్డరు సమకూర్చిన ఒక గ్రంథాలయ ఉద్యోగిని' అయింది. ఆ ప్రతిలో ఆమె ఎర్రసిరాతో నూట పన్నెండు తప్పులు గుర్తించింది. శ్రీహరి చనిపోయినప్పుడు ఇంటికి వెళ్లి పరామర్శించి వచ్చింది గాని, పుస్తకాన్ని మాత్రం క్షమించలేదు.

ఇదంతా సాయినాథ్ పదోసారి విన్నాడు. విని, ఆమె ఎదురుచూడని ప్రశ్న అడిగాడు. పాడినామె ఏమంటుంది? రికార్డింగు మీదే అయినా, అందులో పాడటం ఆమెది. ఆమె ఒప్పుకోకుంటే మీ నాలుగు షరతులూ చెల్లవు.

పాటలు పట్టేనాటికే నలభై దాటిన శ్రీశైలమ్మ ఇంకా బతికి ఉంటుందని కామేశ్వరి అనుకోలేదు. అనుకోకపోవడం సౌకర్యంగా ఉండింది.

వెలిగండ్లలో పశువుల దాణా అమ్మే స్నేహితుడి ద్వారా సాయినాథ్ రెండు రోజుల్లో ఆచూకీ తీశాడు. శ్రీశైలమ్మ ఉన్నది. ఎనభై రెండేళ్లు. కొడుకు కాటమరాజు ఇప్పటికీ మంద తోలుతున్నాడు. మనవరాలు ప్రసన్న పొదిలి దగ్గర ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మ.

ఫోను చేసింది కామేశ్వరే. ప్రసన్న మర్యాదగా, నిదానంగా మాట్లాడింది. మూడేళ్ల కిందట తన బడి పిల్లల కోసం అవ్వ పాటలు నాలుగు ఒక చిన్న పుస్తకంగా వేయాలనుకున్నదట. అవే పాటలు అప్పటికే అచ్చయి ఉన్నాయని తెలిసి, పద్ధతి ప్రకారం ప్రచురణకర్తలకు ఉత్తరం రాసిందట. సర్వహక్కులు తమవనీ, ఏ భాగాన్నీ తిరిగి ముద్రించడానికి వీల్లేదనీ రెండు వాక్యాల జవాబు వచ్చిందట. ఆ కాగితం చూసి హెడ్మాస్టరు భయపడి పుస్తకం ఆపించాడట.

"మా అవ్వ పాట మా బళ్లో పాడుకోను ఎవురినో అడగాల్సొచ్చింది మేడం. అడిగితే గూడా కాదన్నారు," అన్నది ప్రసన్న. ఆ గొంతులో కోపం లేదు. ఆ లోటు కామేశ్వరి తీర్చింది. ఫోను పెట్టేశాక కూడా చాలాసేపు తీర్చింది. తీరుస్తూ తీరుస్తూ బల్లమీద ఉన్న గీతల కాగితం వైపు చూసింది. మొదటి షరతు కనిపించింది. చూపు తిప్పుకుంది.

శనివారం పొద్దున్నే ఇద్దరూ సాయినాథ్ కారులో బయలుదేరి, పొదిలిలో ప్రసన్నను ఎక్కించుకుని, కనిగిరి దాటి వెలిగండ్ల వైపు మళ్లారు. ఊరి చివర కంపకోట వేసిన గొర్రెల దొడ్డి, పక్కనే రేకుల ఇల్లు. కాటమరాజు వచ్చినవాళ్లను చూడాలని ఆగి ఉన్నాడు. చూసి, తలపంకించి, అప్పటికే ఆలస్యమైన మందను తోలుకుపోయాడు. మందతో నడవలేని పసి గొర్రెపిల్లలను గంపల కింద కమ్మి, ఆ గంపల నడుమ నులకమంచం మీద శ్రీశైలమ్మ కూర్చుని ఉంది. ఎండిన మనిషి. కళ్లు మాత్రం దొడ్డి గుమ్మంలో ప్రతి తలనూ లెక్కించే కాపరి కళ్లే.

"పుస్తకాలమ్మవా?" అన్నది. "తల నెరిసిపాయనే. పెట్టె తెచ్చినావా?"

"పాటలు తెచ్చినానక్కా. నీవే," అన్నది కామేశ్వరి.

సాయినాథ్ ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి మొదటి పాట నొక్కాడు. ముప్పై తొమ్మిదేళ్ల కిందటి గొంతు, పచ్చిగా, గట్టిగా, దొడ్డంతా నిండింది.

"జోడిపి తల్లీ జాడ తప్పొద్దే
నీ కూన పిలిచింది నిలిచి పోవే"

తెల్లటి ఒంటితో, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్లమచ్చలుండే గొర్రెను అక్కడ జోడిపి అంటారు. గంపల కింద పిల్లలు రెండు అరిచాయి. కామేశ్వరి శ్రీశైలమ్మ ముఖంలో కన్నీటి కోసం చూసింది. వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆమె ఊహించుకున్నది ఆ కన్నీటినే. శ్రీశైలమ్మ కళ్లు తడవలేదు. నొసలు ముడిపడ్డాయి. ఇంకొకటి పెట్టమన్నది. రెండోది, మూడోది కూడా విన్నది.

"ముందరి మాట ఏదీ?" అన్నది చివరికి.

ఏ మాట అని సాయినాథ్ అడిగాడు.

"పాట ఎత్తుకునే ముందర, ఈ పాట నాకు ఎవురిచ్చినారో చెప్తాం గదా నాయనా. ఆమెకు ఎవురిచ్చినారో అది గూడా చెప్తాం. చెప్పినాకనే నోరు తెరిచేది. నేను అన్నిటికీ చెప్పినా. అది యాడబాయె?"

యంత్రంలో పోయిందేమోనని సాయినాథ్ అంటున్నాడు. టేపు పాడై మొదళ్లు చెరిగిపోయి ఉంటాయని అంటున్నాడు. కామేశ్వరికి అతని మాటలు దూరంగా వినిపిస్తున్నాయి. ఆమెకు తన కుడిచేతి చూపుడువేలు గుర్తుకు వచ్చింది. టేప్ రికార్డరుకు పాజ్ అనే మీట ఒకటి ఉండేది. క్యాసెట్టుకు అరవై నిమిషాలు. ఎవరైనా కర్నూలు పోయినప్పుడే కొత్తవి దొరికేవి. శ్రీశైలమ్మ పాటకు ముందు ఏవో చెప్పేది, ఇది మా చిన్నత్త మాలకొండమ్మ ఇచ్చింది, ఆమెకు వాళ్ల అవ్వ వెలుగొండమ్మ ఇచ్చింది, అంటూ. గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ పొందిన కామేశ్వరికి ఏది పాఠమో, ఏది పిచ్చాపాటీయో బాగా తెలుసు. ఆ మాటలు అయ్యేదాకా మీట నొక్కి పట్టుకునేది. రాగం మొదలవగానే వేలు తీసేది. ఆనాటి నోటుపుస్తకంలో తన గుండ్రటి దస్తూరితో రాసుకున్న వాక్యం కూడా జ్ఞాపకం వచ్చింది: 'ప్రతి గీతానికి ముందు ఉపోద్ఘాత సంభాషణ. అనవసరం.'

శ్రీశైలమ్మ గంపలోంచి ఒక పిల్లను బయటికి తీసి, దాని చెవి వేళ్ల మధ్య పట్టుకుంది. చెవి అంచున చిన్న గాటు ఉంది. అది వాళ్ల మంద గుర్తు.

"ఇదిగో, ఎవురి జీవాలకు వాళ్లం చెవి గుర్తు పెట్టుకుంటాం," అన్నది సాయినాథ్‌తో. "దొంగ ముందుగాల ఏం జేస్తాడు? చెవి కోసేస్తాడు. అంతే, ఇంక అది ఎవురిదైనా ఒకటే."

ఇన్నేళ్లుగా శ్రీహరి మీద తాను మోపిన నేరానికి ఇంతకంటె కచ్చితమైన పేరు కామేశ్వరికి ఎవరూ చెప్పలేదు. ఆ నేరం శ్రీహరి చేతికి రాకముందే, నలభై మూడుసార్లు, ఒక్కొక్క పాటకూ విడివిడిగా, ఎంతో శ్రద్ధతో జరిగిపోయింది. ఆయన రెండు పేర్లు తీసేశాడు. ఆమె ఎన్ని తీసేసిందో ఆమెకే తెలియదు.

"టేపు చెడిపోలేదు," అన్నది కామేశ్వరి. "అది కోసింది నేనే అక్కా. టేపు పొదుపుకని."

ప్రసన్న తలవంచుకుంది. శ్రీశైలమ్మ పిల్లను గంప కిందికి తోసి, చీరకొంగుకు చేతులు తుడుచుకుంది.

"నువ్వు మీట నొక్కేది నేను సూస్తానే ఉంటి," అన్నది. "సదువుకున్న మనిషి, దానికేదో పద్ధతి ఉంటదిలే అనుకుంటి. పద్ధతి ల్యా, పాడూ ల్యా. సరే, ఇప్పుడేం మించిపోలే. నేనింకా ఉండా గదా. రాసుకో."

కామేశ్వరి ఆ మాటను తరువాత చాలాసార్లు తలచుకుంది. క్షమించానని ఆమె అనలేదు. పర్వాలేదని కూడా అనలేదు. నేనింకా ఉన్నాను, రాసుకో అన్నది. అంతకు మించి ఇవ్వగలిగినది ఏ మనిషి దగ్గరా ఉండదు.

సాయినాథ్ తన ఫోనులో రికార్డింగు నొక్కి, మంచం కోడు దగ్గర పెట్టి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఒక్కొక్క పాట మొదలు వినిపించగానే శ్రీశైలమ్మ ఆపమని సైగ చేసి, అది ఎవరిదో చెప్పేది. కొన్ని ఇద్దరి చేతులు మారాయి, కొన్ని నలుగురివి. ఒక పాటను పెళ్లయి వచ్చిన కొత్తలో తోడికోడలి దగ్గర నేర్చుకుందట. తోడికోడలు ఇవ్వనంటే, నెల రోజులు ఆమె వంతు నీళ్లు తానే మోసి సంపాదించిందట. ఇంకొకటి గిద్దలూరు అడవి అంచున మేతకు పోయినప్పుడు పేరు తెలియని మంద వెనకనుంచి వచ్చింది. పరుగెత్తుకుపోయి ఆ పాడేవాడి పేరు కనుక్కుందట, వీరాంజనేయులని. పేరు అడగకుండా పాట తెచ్చుకుంటే మా అత్త గడప తొక్కనిచ్చేది కాదని నవ్వింది.

మధ్యాహ్నం భోజనం వేళకు నలభై ఒక్క పాటలకు పేర్లు తేలాయి. రెండింటికి తేలలేదు. శ్రీశైలమ్మ చాలాసేపు కళ్లు మూసుకుంది. అవి మాలకొండమ్మ ముత్తవ్వవే అయి ఉంటాయి, ఆమె పేరు రాస్తే పోలా అవ్వా, అన్నది ప్రసన్న.

"తెలవదని రాయి," అన్నది శ్రీశైలమ్మ. "కానిదానికి మన గుర్తు పెట్టినా దొంగతనమే."

కామేశ్వరి 'తెలియదు' అని రెండుచోట్ల రాసింది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఆమె ఎందరో పండితులు తయారుచేసిన గ్రంథసూచికలు చూసింది. తెలియని చోట తెలియదని రాసినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. అక్షరం రాని ఈ మనిషి చేస్తున్నది తన వృత్తే. తనకంటె బాగా చేస్తున్నది.

అప్పుడు సాయినాథ్ లైసెన్సు సంగతి ఎత్తాడు. కామేశ్వరి సంచిలోంచి గీతల కాగితం తీసింది. చదవడం ఆమెకు ఇష్టం లేదు. అయినా పాడిన మనిషికి వినిపించకుండా దాచడం ఇంకా అసహ్యం కాబట్టి నాలుగూ చదివింది.

వాడుకునేవాళ్లు అనుమతి అడగాలన్నది శ్రీశైలమ్మకు అర్థం కాలేదు. ఎవరిని అడగాలి? నిన్నా? నువ్వు పోయినాక? ఆ ప్రశ్నకు జవాబు మూడేళ్ల కిందటే రెండు వాక్యాల్లో ప్రసన్నకు వచ్చింది. వ్యాపారం కూడదన్నదానికి, తిరనాళ్లలో పాడి నాలుగు గింజలు తెచ్చుకునేవాళ్లు మా వాళ్లలో ఉన్నారు, వాళ్ల నోరు కొట్టొద్దన్నది. అక్షరం మార్చకూడదన్న మూడోది వినగానే పకపకా నవ్వింది, ఎందుకు నవ్విందో మాత్రం చెప్పలేదు.

"నాలుగోది ఒక్కటి బాగుండాది," అన్నది. "పేరు చెప్పాల. ఇచ్చినోళ్ల పేర్లన్నీ చెప్పాల. ఇంకొకటి. మేము ఇచ్చినట్టే తీసుకున్నోళ్లు గూడా అడిగినోళ్లకు ఇయ్యాల. తీసుకుపోయి దొడ్లో కట్టేసుకుంటే ఒప్పుకోను. ఈ రెండూ రాసుకోండి, సాలు."

సాయినాథ్ వెంటనే, సరిగ్గా ఈ రెండు షరతులతోనే రాసిపెట్టిన లైసెన్సు ఒకటి ఉందన్నాడు. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, పాడవచ్చు, అచ్చువేయవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి చేసినదాన్ని పంచితే, దాన్ని కూడా ఇదే షరతుతో అందరికీ వదలాలి. ప్రపంచంలో ఎంతోమంది న్యాయవాదులు కూర్చుని రాసినదన్నాడు.

"మా అత్త గూడా కూసోనే చెప్పింది," అన్నది శ్రీశైలమ్మ.

ఒప్పుకోలు పత్రాన్ని ప్రసన్న పెద్దగా చదివి వినిపించింది. మనవరాలు నేర్పిన సంతకాన్ని శ్రీశైలమ్మ అక్షరం అక్షరంగా పేర్చింది. దాని కింద కామేశ్వరి సంతకం చేసింది. తరువాత తన గీతల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చించి, పొయ్యి దగ్గర పడేసింది. శ్రీశైలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని అన్నానికి లేపింది. రాగిసంకటి, గోంగూర పచ్చడి. కామేశ్వరి కృతజ్ఞత చెప్పబోయింది. సంకటి చల్లారితే గొంతు దిగదని శ్రీశైలమ్మ ఆపేసింది.

నోటితో చెప్పలేకపోయిన దానిని కామేశ్వరి రాతలో చెప్పింది. వెబ్‌సైటులో పాటలతో పాటు పెట్టవలసిన పరిచయాన్ని ఏడుసార్లు తిరగరాసి సాయినాథ్‌కు ఇచ్చింది. అందులో ఇలా ఉంది: 'ఈ నలభై మూడు పాటలు శ్రీశైలమ్మ పాడినవి. ఆమెకు ఇచ్చినవారి పేర్లు ఒక్కొక్క పాట పక్కన ఉన్నాయి. పాత రికార్డింగులలో ఆ పేర్లు లేకపోవడానికి కారణం యంత్రం కాదు, కాలం కాదు. టేపు పట్టిన కామేశ్వరి వాటిని అనవసరమనుకున్నది. ముప్పై తొమ్మిదేళ్ల తరువాత శ్రీశైలమ్మ వాటిని మళ్లీ చెప్పింది. చెప్పనని అనడానికి ఆమెకు అన్ని హక్కులూ ఉన్నాయి. ఆ హక్కును ఆమె వాడుకోనందుకు టేపు పట్టిన మనిషి బతికినంత కాలం ఆమెకు రుణపడి ఉంటుంది. బూజు తుడిచి పాటలను బతికించిన సాయినాథ్‌కు కూడా.' తన పేరున్న చివరి వాక్యాన్ని సాయినాథ్ తీసేయబోయాడు. పేరు కొట్టేసే పని ఈ ఇంట్లో ఇక జరగదని ఆమె చెప్పింది.

పాటలు వెబ్‌సైటులోకి వెళ్లాయి. ప్రసన్న ఈసారి ఎవరినీ అడగలేదు. తన అవ్వ గొంతునుంచి నేరుగా నాలుగు పాటలు దించుకుని, పేర్లతో సహా పిల్లల పుస్తకం వేసింది. లైసెన్సు కాగితం చూసి హెడ్మాస్టరు ధైర్యం తెచ్చుకున్నాడు.

కొన్ని వారాల తరువాత ఒక సాయంత్రం ప్రసన్న ఫోను చేసింది. గొంతులో సందేహం ఉంది. నాలుగో తరగతిలో సునీత అనే పిల్ల ఉందట. గిద్దలూరు వైపునుంచి ఈ ఏడే వచ్చి చేరిందట. జోడిపి తల్లి పాట పుస్తకంలో ఉన్నట్టు పాడదట. ఎన్నిసార్లు దిద్దినా 'పల్ల తల్లీ' అనే పాడుతుందట. రెండో చరణం కూడా వేరేదట. మిగతా పిల్లలు నవ్వుతున్నారట. దిద్దాలా, వదిలేయాలా?

కామేశ్వరి చెయ్యి బల్లమీద ఎర్రసిరా కలం వైపు దానంతట అదే వెళ్లింది. ఎన్నో ఏళ్ల అలవాటు. కలం మూత తీయబోయి ఆగింది. అడిగింది: వాళ్ల ఇంట్లో ఉన్నవి ఏ గొర్రెలు?

మచ్చలేని తెల్లవి మేడం, పల్లలే, అన్నది ప్రసన్న. అంటూనే ఆమెకూ తట్టినట్టుంది. ఏ మందకు ఆ పేరు పెట్టి పిలుస్తారు. ఇంట్లో ఉన్న గొర్రెను వదిలి ఇంకెవరిదో పేరు పిలిస్తే అది వెనక్కి తిరగదు. మూడో షరతుకు శ్రీశైలమ్మ అంతగా ఎందుకు నవ్విందో కామేశ్వరికి ఇప్పుడు బోధపడింది. తాను ఎర్రసిరాతో గుర్తించిన నూట పన్నెండు తప్పులలో ఎన్ని నిజంగా తప్పులు, ఎన్ని వేరే మందల పాఠాలు అన్నది కూడా వెతుక్కోవలసి ఉంటుంది.

"ఆ పిల్ల పాడింది తప్పు కాదమ్మా," అన్నది. "నవ్వే పిల్లలకు ఆ మాట నువ్వే చెప్పు. సునీతకు ఆ పాట ఎవరిచ్చారో అడిగినావా?"

"వాళ్లమ్మ పద్మావతి అంట. పద్మావతికి ఇచ్చిందేమో..."

"ఉండు," అన్నది కామేశ్వరి. కాగితం దగ్గరికి లాక్కుని, నల్లసిరా కలం తీసుకుంది. "ఇప్పుడు చెప్పు. మొదటినుంచి చెప్పు."